ఐదు వేళ్ళ పాఠం

మా జ్ఞానదాసు సారు వెనక పన్నెండేళ్ళు ఐసు డబ్బా మోశాను. హోటళ్ళలో అన్నమో కూరో కొంచెం తీసి, సీసాలో పెట్టి, మూతికి సీలు వేసి, ఐసు మధ్యన దాచి పరీక్షకు పంపడం మా ఆఫీసు పని. సారు తీస్తారు, నేను మోస్తాను. నా పేరు మల్లేశ్వర్. రికార్డుల్లో అటెండర్ని. శంషాబాద్ హోటళ్ళవాళ్ళ లెక్కలో ఫుడ్డు సారు వెనకాల మొఖం మాడ్చుకుని నిలబడే మనిషిని. ఆ మాట నిజమే. మాడ్చుకోక ఏం చేయను? వేరే ఇన్‌స్పెక్టర్లు వంటింట్లోకి పోయి, ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, జరిమానా రాసి, పది నిమిషాల్లో బయటపడతారు. మా సారు రెండు గంటలకు తక్కువ ఎక్కడా కదలరు. ఆ పొయ్యిల వేడిలో, నూనె పొగలో, అరిగిపోయిన నా మోకాళ్ళ మీద నిలబడి నేను ఆయన పాఠం వినాలి.

ఆయనకు అరవై నిండాయి. ఈ సంగతి జరిగేనాటికి రిటైర్‌మెంట్‌కు ఎనిమిది నెలలుంది. బక్కగా, పొడుగ్గా ఉంటారు. నడిచేటప్పుడు కొంచెం ముందుకు వంగుతారు. రేకుల కప్పుల కింది వంటిళ్ళలో దూరిదూరి అలవాటైన నడుము అది. బీపీ ఉంది, షుగరుంది, ఆ రెండింటికంటే మొండితనం ఎక్కువ. ఆదివారం చర్చి మానరు, సోమవారం డ్యూటీ మానరు. ఆయన భార్య ప్రేమావతమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా మాత్రం చాలా రోజులు తెరవకుండానే ఇంటికి పోతుంది. మధ్యాహ్నం రెండు దాటినా ఎవరో ఒక వంటమాస్టరుకు చేతులెట్లా కడగాలో చూపిస్తూ ఉంటారు, ఇక్కడ నా కడుపులో ఎలుకలు పరుగెడుతుంటాయి.

ఆయన సంచిలో ఎప్పుడూ ఎర్రటి పొడి సీసా ఒకటుంటుంది. బీట్‌రూట్ తురిమి, మిద్దె మీద ఎండబెట్టి, దంచి ప్రేమావతమ్మ చేసిస్తుంది. వంటింట్లోకి పోగానే సారు ఆ పొడి పచ్చి చికెన్ ముక్కల మీద కాస్త చల్లి, "ఇగ నీ పని నువ్వు చేసుకో. నేను ఈడ లేననుకో" అని మూలకు నిలబడతారు. వంటతను ముక్కలు కడుగుతాడు, కోస్తాడు, ఉప్పు వేస్తాడు, ఫోనొస్తే ఎత్తుతాడు. పావుగంట తర్వాత సారు అతని చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతారు. ఉప్పు డబ్బా మీద ఎరుపు. నల్లా మీద ఎరుపు. పచ్చిగా తినే కొత్తిమీర మీద, ఉల్లిగడ్డ ముక్కల మీద, సెల్‌ఫోన్ మీద. ఒకాయనకు మీసాల మీద కూడా దొరికింది. అంతకుముందు దాకా "కూరగాయలు కోసే పలకకు పసుపు రుద్దినం సార్, ఇగ పురుగు యాడుంటది?" అని వాదించినవాడు, అద్దంలో తన మీసం చూసుకుని నోరు మూసుకున్నాడు. "పసుపు కూరలకు మంచిదేనయ్యా. పలకకు సబ్బు కావాలె" అన్నారు సారు. అంతే, జరిమానా లేదు, తిట్టు లేదు. పదిహేను రోజులు గడువిచ్చి మళ్ళీ పోవడం, అప్పటికీ మారకపోతే మూడోసారి పోవడం, అప్పుడే పుస్తకం తీయడం. ఆ పుస్తకం తీయాల్సి వచ్చిన రోజు ఆయన మొఖం చూస్తే, జరిమానా ఆయనకే పడిందనుకుంటారు.

నాకు ఈ పద్ధతి నచ్చేది కాదు, దాచుకోవడం ఎందుకు. తప్పు చేసినవాడికి వాత పెడితే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు కదా అనేవాణ్ణి. ఒకసారి ఆ మాట ఆయనతోనే అన్నాను. హిమాయత్ సాగర్ కట్ట దగ్గర బండాపి చాయ్ తాగుతున్నాం.

"వాతలు గూడ పెట్టిన మల్లేశ్వర్. నౌకరిల చేరిన కొత్తల ఇదే రోడ్డు మీద ఒక దాబాకు తాళం ఏసిన. పేపర్ల నా ఫోటో వచ్చింది. నెల తిరగకముందే గాయినే రోడ్డుకు అవతల ఇంకో పేరుతోని తెరిచిండు. నేను పోయి చూస్తే గవే గిన్నెలు, గదే మురికి నీళ్ళ తొట్టి. ఏం తప్పు చేసిండో ఆయనకు నేను చెప్పలే గద. తాళం ఏసి వచ్చిన గంతే."

తర్వాత కాసేపటికి, చాయ్ చల్లారిపోయాక, చిన్నప్పటి హాస్టల్ సంగతి చెప్పారు. ఏడో తరగతిలో ఉండగా ముప్పై మంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయట. వార్డెను వంటాయన్ని అందరి ముందూ కొట్టాడట. "తెల్లారి ఆయన ఏడ్సుకుంట మల్ల అదే బాయి నీళ్ళతోని వండిండు. కొట్టిండ్రు గాని, బాయిల మోరి మురుగు నీళ్ళు కలుస్తున్నయని ఎవ్వరు చెప్పలే." అలా అన్నప్పుడు ఆయన గొంతులో కోపం కూడా లేదు, అలసటే ఉంది. నేను ఆ రోజు నుంచి వాదించడం మానేశాను. మోకాళ్ళ నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఆ మోకాళ్ళ నొప్పే కొంప ముంచింది. సారు పాఠంలో మొదట ఏడు మాటలుండేవి. ఏడూ చెప్పి, ఏడూ చేయించి, ఏడూ తిరిగి అప్పజెప్పించుకునేసరికి నా ప్రాణం పోయేది. నాలుగో మాట దగ్గరే వాళ్ళు కూరలో గంటె తిప్పడానికి పోయేవాళ్ళు. రెండేళ్ళ కింద ఒకనాడు నేనే అన్నాను: "సార్, ఏడు ఎవరికి యాదికుంటయి? ఐదు చెయ్యిన్రి. చేతి వేళ్ళ మీద చెప్పుకుంటరు." సారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నా జన్మలో ఆయన మెచ్చుకున్న సలహా అదొక్కటే. ఆ రాత్రి కూర్చుని రెండు మాటలు తీసేశారు. మర్నాటి నుంచి ఐదు వేళ్ళ పాఠం మొదలైంది. సాతంరాయి నుంచి తుక్కుగూడ దాకా రెండేళ్ళలో నలభై మూడు వంటిళ్ళలో చెప్పాం. నిజంగానే అందరికీ నోటికొచ్చేసింది.

అందరికంటే బాగా నేర్చుకున్నది సాతంరాయి రేణుకమ్మ.

ఔటర్ రింగు రోడ్డు కోసం వాళ్ళ పొలం పోయింది. తర్వాత కొన్నేళ్ళకు భర్త పోయాడు. మిగిలిన రెండు గదుల ఇంట్లో ముందు గదిని మెస్ చేసింది. ఎయిర్‌పోర్టు వైపు సామాన్లు ఎత్తేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, రాత్రి షిఫ్టు దిగేవాళ్ళు, పొద్దున షిఫ్టు ఎక్కేవాళ్ళు ఆమె దగ్గర తింటారు. కిందటి ఎండాకాలం మేము మొదటిసారి పోయినప్పుడు ఆ వంటిల్లు చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మూతల్లేని గిన్నెలు, వాటి మీద ఈగలు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున దాకా పొయ్యి పక్కనే. వేరే ఇన్‌స్పెక్టరైతే ఆ రోజే తాళం పడేది. సారు చెప్పులు విడిచి లోపలికి పోయారు. ఆమె భయంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "భయపడకమ్మా. నేను నేర్పనీకె వచ్చిన" అన్నారు సారు. ఆమె నమ్మలేదు. మూడోసారి పోయినప్పుడు నమ్మింది. ఆ మూడోసారికి ఆ వంటింట్లో నేల మీద కూర్చుని తినొచ్చు, అలా చేసింది. హోటలు మూసేసినవాళ్ళ దగ్గర నిలువెత్తు పాత ఫ్రిజ్జు కొని, అరలు పీకేసి, అన్నం వండే గంజు అందులో పట్టేటట్టు చేసుకుంది. సారు దాన్ని చూసి పండగ చేసుకున్నారు. ఎవరైనా పాఠాలు దండగ అంటే, "సాతంరాయి పోయి రేణుకమ్మను చూసి రాండ్రి" అనేవారు.

పోయిన ఆగస్టులో ఒక బుధవారం పొద్దున పది గంటలకు మా పై ఆఫీసరు అరుణ్‌కుమార్ గారి ఫోనొచ్చింది. సాతంరాయిలో ఒక మెస్‌లో పొద్దున తాలింపన్నం తిన్నవాళ్ళు తొమ్మిది మంది పని దగ్గరే వాంతులు చేసుకుని పడిపోయారట. అందరినీ దవాఖానకు తీసుకుపోయారట. ఏ మెస్ అని సారు అడగలేదు. సంచి భుజాన వేసుకుని బండి దగ్గరికి నడిచారు.

ముందు దవాఖానకు పోయాం. తొమ్మిది మందిలో ఎనిమిది మంది తేరుకుంటున్నారు. పెంటయ్య అనే పెద్దాయనకు మాత్రం సెలైన్ ఎక్కుతోంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. సారు ఆయన మంచం పక్కన నిలబడి, ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు, ఎన్నింటికి మొదలైందని మెల్లగా అడిగారు. ఆరు గంటలకు తిన్నారు, ఎనిమిదిన్నరకు మొదలైంది. "అన్నం మంచిగనే ఉండె సారూ. వేడివేడిగ, పొగలు కక్కుతుండె. రేణుకక్కను ఏం అనకుండ్రి" అన్నాడు పెంటయ్య. డాక్టరు బెంగపడాల్సింది లేదని చెప్పాకే సారు అక్కణ్ణించి కదిలారు.

మెస్ ముందు గదిలో బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. రేణుకమ్మ మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే లేచి ఏడుపు మొదలుపెట్టింది. "పాపం చేసిన సారూ. ఏం పాపం చేసిననో ఎరుకలేదు" అంటోంది. సారు నీళ్ళు తెప్పించి తాగించారు. ఆమె ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

"అమ్మా, నేను నీకు చెప్పిన పాఠం ఒకసారి అప్పజెప్పు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లలాగా కుడిచెయ్యి చాపి బొటనవేలు పట్టుకుంది.

"వంటకు ముందల, పచ్చి మాంసం ముట్టినంక చెయ్యి సబ్బుతోని కడగాలె. కోడికి ఒక పలక, కూరగాయలకు ఒక పలక ఉండాలె. వండిన గిన్నెకు మూత పెట్టాలె, ఈగ వాలద్దు. మిగిలింది బయట ఉంచద్దు, ఫ్రిజ్జుల పెట్టాలె. మల్ల పెట్టేటప్పుడు పొగలొచ్చేదాంక వేడి చెయ్యాలె."

ఐదు వేళ్ళూ అయిపోయాయి. ఒక్క అక్షరం తప్పలేదు.

"రాత్రి అన్నం ఏం చేసినవ్?"

"కొత్త బ్యాచు వస్తున్నరని పొద్దటికి గూడ కలిపి పెద్ద గంజు ఎక్కించిన సారూ. దించంగనే మూత పెట్టిన. మా ఇంట్ల మొదటి సంది అన్నం గంజు తెరిచి పెట్టరు, దిష్టి తగుల్తదని. మీరు గూడ మూత పెట్టుమనె చెప్తిరి. తినేటోళ్ళు తినంగనే మిగిలింది అట్లనే మూతతోని ఫ్రిజ్జుల పెట్టిన. పొద్దుగాల తాలింపు పెట్టి, పొగలొచ్చేదాంక వేడి చేసిన. ఐదుకు ఐదు చేసిన సారూ. నేనేం మరిచిపోయిన?"

సారు తన కుడి అరచెయ్యి వైపు చూసుకుంటున్నారు. నాకు అప్పుడు తెలిసింది. తీసేసిన రెండు మాటల్లో ఒకటి, వేడి అన్నాన్ని గంజుతో ఫ్రిజ్జులో పెట్టకూడదు, వెడల్పాటి తాంబాళాల్లో పలచగా పరిచి, పల్చని బట్ట కప్పి, తొందరగా చల్లార్చి అప్పుడు పెట్టాలి అన్నది. గంజు నిండా వేడి అన్నం, పైన బిగుతు మూత. ఫ్రిజ్జు ఎంత చల్లబరిచినా పైపైనే. నడిమధ్య అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. చిన్న గంజు పెట్టినన్నాళ్ళు ఏదో గడిచిపోయింది. పెద్ద గంజు పెట్టిన రోజు గడవలేదు.

"నువ్వేం మరిచిపోలేదమ్మా" అన్నారు సారు చివరికి. "గోరువెచ్చటి అన్నంల పురుగు పెరిగి విషం కక్కుతది. ఆ విషం మల్ల వేడి చేసినా పోదు. అన్నం చల్లార్చినంకనే ఫ్రిజ్జుల పెట్టాలని నేను నీకు చెప్పలే. సగం పాఠం చెప్పిన. తప్పు నాది."

ఇరవై ఏళ్ళ పైబడి నౌకరి చేస్తున్నాను. తనిఖీకి పోయిన ఆఫీసరు హోటలు మనిషితో తప్పు నాది అనడం నేను ఎక్కడా వినలేదు. బయట బండి దగ్గర ఆగి, "సార్, ఐదు చెయ్యమన్నది నేను" అన్నాను.

"నువ్వు చెప్పినవ్, నేను ఒప్పుకున్న. ఏం తీసెయ్యాల్నో ఎంచుకున్నది నేనే. ఐసు డబ్బా లోపల పెట్టు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆఫీసులో అరుణ్‌కుమార్ గారు ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. కోస్తా వైపు మనిషి, వయసులో సారుకంటే ఇరవై ఏళ్ళు చిన్న. చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి ఆయనకు పై నుంచి, పేపర్ల వాళ్ళ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"దాసు గారూ, ఇది చాలా తేలిక విషయం. మీరు మూడుసార్లు శిక్షణ ఇచ్చినట్టు రికార్డుంది. శిక్షణ ఇచ్చినా యజమాని నిర్లక్ష్యం చేసింది అని ఒక్క వాక్యం రాయండి. లైసెన్సు రద్దు, కోర్టులో కేసు. మీకూ నాకూ ఏ ఇబ్బందీ ఉండదు."

"ఆమె నిర్లక్ష్యం చెయ్యలేదండి. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నేనే సగం చెప్పిన. గదే రాస్త."

అరుణ్‌కుమార్ గారు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టారు. "అలా రాస్తే ఏమవుతుందో తెలుసా? మీ పాఠాలు ఆపేస్తారు. జరిమానాలే రాయమంటారు. సోమవారానికల్లా మిమ్మల్ని ఫీల్డు నుంచి తీసి కుర్చీలో కూర్చోబెడతారు, ఇంకా ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి చేతికి మెమో ఇస్తారు. అదీగాక, ఆమె వాంగ్మూలంలో కూడా అదే ఉండాలి. నాకు చెప్పలేదు అని ఆమె సంతకం చేయకపోతే మీ రిపోర్టుకు విలువుండదు. ఆమె సంతకం చేస్తే, మెస్ రెండు వారాలు మూసి ఉంచి మళ్ళీ తెరవనిస్తాం."

"రేపు పొద్దున సంతకం పట్టుకొస్త" అని సారు లేచారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగారు. ఇరవై ఏళ్ళు వంటిళ్ళు పట్టుకుని తిరిగి సంపాదించింది అదొక్కటే, పాఠం చెప్పే పద్ధతి. దాన్ని ఆయన తన చేత్తోనే తీసేసుకోబోతున్నారు. నాకు జాలి కాదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి సాతంరాయి పోయాం. సారు వాంగ్మూలం కాగితం తీసి, పైకి చదివి వినిపించారు. వేడి అన్నం చల్లార్చాలన్న సంగతి ఇన్‌స్పెక్టరు నాకు చెప్పలేదు, అన్న వాక్యం దగ్గర రేణుకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది తీసెయ్యిన్రి సారూ. నేను సంతకం పెట్ట."

"నిజమే గద అమ్మా."

"నిజమైతే అయింది. మీ నౌకరికి ఎసరొస్తదని మల్లేశన్న మొఖం చూస్తెనే తెలుస్తున్నది. నా ఇంటికి ఇంతమంది ఆఫీసర్లొచ్చిండ్రు. చెప్పులిడిచి వచ్చింది మీరొక్కరే. నేనే మరిచిపోయిన అని రాయిన్రి. నా మెస్ పోతే పోనియ్యిన్రి. యాడనన్న అంట్లు తోముకోని బతుకుత."

నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల ఆశ పుట్టింది. ఆమె తనంతట తానే మీద వేసుకుంటోంది, సారు బయటపడతారు, పాఠాలు సాగుతాయి, ఎవరికీ ఏమీ కాదు, ఆమెకు తప్ప. సారు వైపు చూశాను, ఒప్పుకోండి అన్నట్టుగా.

పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన కేక వేయడం విన్నాను.

"నాకు మేలు చేస్తున్నననుకుంటున్నవా? ఇదే పాఠం నలభై మూడు వంటిళ్ళల్ల చెప్పిన! నీ తప్పని రాసుకుంటె ఫైలు బందయితది, వాళ్ళ దగ్గరికి పోయి మాట సరిచెయ్యనీకె ఎవ్వరు పోరు. వాళ్ళంత నీ తీరుగనే వేడి గంజులు మూత పెట్టి ఫ్రిజ్జుల పెడుతుంటరు. ఈసారి తొమ్మిది మంది లేచి కూసున్నరు. ఇంకోసారి పెంటయ్య లేవకపోతే?"

అని ఆగిపోయారు. ఊపిరి అందక గోడకు ఆనుకున్నారు. రేణుకమ్మ ఆయన వైపు, కాగితం వైపు చూసింది. పెన్ను తీసుకుంది. ఆమెకు సంతకం ఒక్కటే వచ్చు, చాలా నెమ్మదిగా పెడుతుంది. ఆ నాలుగు అక్షరాలు పూర్తయ్యేదాకా గదిలో ఎవరం కదల్లేదు.

అరుణ్‌కుమార్ గారి బల్ల మీద రిపోర్టు పెట్టేసరికి పది గంటలు. ఆయన దాన్ని తిరగేసి చూసి, "శనివారం సాయంత్రం దాకా మీరు ఇంకా ఫీల్డులోనే ఉన్నారు దాసు గారూ. అంతవరకే నేను చేయగలిగింది" అన్నారు. చెప్పాను కదా, చెడ్డవాడు కాదు.

గురువారం, శుక్రవారం, శనివారం. మూడు రోజులు, రేణుకమ్మ ఇల్లు పోను నలభై రెండు వంటిళ్ళు. సారు పొడుగు లిస్టు రాసుకున్నారు. ఎవరింటికి పోయినా ముందు ఫ్రిజ్జు తెరవమనడం, ఆ తర్వాత ఒకే మాట: "నేను మీకు పోయినసారి తప్పు చెప్పిన." కొందరు అర్థంకాక నవ్వారు. కొందరు, ఏదో వల పన్నుతున్నారని, జరిమానా ఎంత సార్ అని అడిగారు. ఒకాయన, "మీరే తప్పు చెప్పి మల్ల మీరే తనిఖీకొస్తె ఎట్ల సార్?" అన్నాడు. సారు ఆ మాట ఒప్పుకుని, చల్లార్చే సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఐదు చాలన్నది నేనే అనే మాట నాలుక చివరిదాకా వస్తే మింగేశాను.

గురువారమే నాలుగు దాటాక తుక్కుగూడ చేరాం. ఆ రోజుకు అది పదో వంటిల్లు. శోభ అనే ఆమె శ్రీశైలం రోడ్డు పక్కన కర్రీ పాయింట్ నడుపుతుంది. చిన్న గది, కానీ అద్దంలా ఉంచింది. మా బండి చూసి ఎదురొచ్చింది. మిగతావాళ్ళలాగా భయపడలేదు, చేతులు తుడుచుకుంటూ సంబరంగా వచ్చింది.

"మంచిగ వచ్చిండ్రు సారూ! మొన్ననే అనుకున్న, సారు వస్తె చూపియ్యాలె అని. పాత ఫ్రిజ్జు ఇచ్చేసి కొత్తది తీసుకున్న."

తలుపు తెరిచింది. లోపల పగటిపూట మిగిలిన అన్నం గంజు, దాని మీద బిగుతైన మూత, మూత చుట్టూ ఉతికిన తువ్వాల చుట్టి ఉంది. "చూడుండ్రి, మీరు చెప్పినట్టే. ఈగ కాదు, గాలి గూడ దూరది. రాత్రికి గిరాకీకి తీస్త, మిగిలింది పొద్దుగాల మా ఇంటికి."

సారు మూత మీద అరచెయ్యి పెట్టి తీశారు. లోపలి నుంచి ఇంకా వేడి వస్తోంది. చెప్పాల్సిన మాట చెప్పారు, పొద్దుటి నుంచి తొమ్మిది చోట్ల చెప్పినట్టే. కానీ ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగారు. శోభ నవ్వు మెల్లగా తగ్గిపోయింది. ఆమె వాదించలేదు. గంజు వైపే చూస్తూ అంది:

"నా ఇద్దరు పిల్లలు ఏడాది సంది పొద్దుగాల గిదే తిని బడికి పోతున్నరు సారూ. నిరుడు చిన్నదానికి రెండుసార్లు వాంతులైతె, నీళ్ళు మారినయేమో అనుకున్న. బయట తిన్నవా అని కొట్టిన గూడ. మీరు చెప్పినట్టు చేస్తున్న గద, అన్నం మీద నాకు అనుమానమె రాలే."

ఏ జరిమానా పుస్తకంలోనూ రాయలేని మాట అది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను, ఆ పాప ఎక్కడైనా కనబడుతుందేమోనని భయంతో లోపలికి చూడలేకపోయాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా మోకాళ్ళ కోసం తీసేసిన మాట అది, ఆమెకు తెలియదు.

"క్షమించు బిడ్డా" అన్నారు సారు.

తర్వాత చొక్కా చేతులు మడిచి, సబ్బుతో చేతులు కడుక్కుని, ఆమె దగ్గరున్న తాంబాళాలు అడిగి తీసుకున్నారు. ఆ గంజులోని అన్నమంతా పారబోయించారు. ఆమె పొయ్యి మీద కొత్తగా రెండు సేర్ల బియ్యం పెడితే, ఉడికేదాకా ఆ పక్కనే నిలబడ్డారు. ఉడికిన అన్నాన్ని గంటెతో తీసి, వేలెడు మందాన పరిచి, పల్చని బట్ట కప్పి ఎట్లా చల్లార్చాలో ఆమె చేత చేయించారు. ఒక తాంబాళం నేను పట్టుకున్నాను. అది చల్లారేదాకా పట్టుకునే నిలబడ్డాను. బయట ఎండ దిగిపోతోంది, లిస్టులో ఇంకా ముప్పై రెండు ఇళ్ళున్నాయి, వాటన్నిటిలోనూ ఎవరో ఒకరు మేము చెప్పిన మాట తప్పకుండా పాటిస్తున్నారు.